గుర్రం ఎక్కిస్తే మా బాబు నడుస్తాడా?

పలమనేరు దగ్గర పల్లె నుంచి ఒక తల్లి అడిగారు: "మా బాబుకు ఆరేళ్లు. నెలలు నిండకుండా పుట్టాడు. సెరిబ్రల్ పాల్సీ, స్పాస్టిక్ డైప్లీజియా అన్నారు. రెండు కాళ్లూ బిగుసుకుని ఉంటాయి. వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేస్తాడు, ఆనుకోకుండా కూర్చోబెడితే వెనక్కి పడిపోతాడు. బెంగళూరులో గుర్రాలతో థెరపీ ఇస్తారని, 20 సెషన్లకు నడిచేస్తాడని బంధువులు చెప్పారు. 40,000 అడుగుతున్నారు. తిరుపతిలో ఎవరైనా చేస్తారా? లేదంటే పెళ్లిళ్లకు గుర్రం తెచ్చేవాళ్లతో మాట్లాడుకుని రోజూ కాసేపు కూర్చోబెడితే సరిపోదా? మా చెల్లెలి కూతురికి ఆటిజం ఉంది, తనకూ పనికొస్తుందా?"

అమ్మా, నేను ఫిజియోథెరపిస్టుని. ఇరవై రెండేళ్లుగా తిరుపతిలో పిల్లలతోనే నా పని. మధ్యలో నాలుగేళ్లు బెంగళూరులో గుర్రాలతో చేసే థెరపీ నేర్చుకుని అక్కడే పనిచేశాను. తిరిగొచ్చాక చంద్రగిరి దారిలో ఒక మామిడి తోటలో ఒకే ఒక్క గుర్రంతో ఆరేళ్లు నడిపాను. దాని పేరు చుక్క. నుదుటి మీద తెల్ల మచ్చ ఉండేది. వయసు మీదపడి, ముందు కాలు దానికి ఇబ్బంది పెట్టడం మొదలయ్యాక ఆపేశాను. మళ్లీ అలాంటి గుర్రం నాకు దొరకలేదు. అందుకే తిరుపతిలో ఎవరైనా చేస్తారా అని మీరు అడిగితే, రండమ్మా నేను చేస్తాను అని చెప్పలేకపోతున్నాను.

ముందు అసలు సంగతి చెప్పేస్తాను. 20 సెషన్లకు నడిచేస్తాడని మాటిచ్చేవాళ్లకు డబ్బు కట్టకండి. గుర్రం వల్ల మీ బాబుకు మేలు జరగొచ్చు. ఆ మేలు ఎక్కువగా నడుములో కనిపిస్తుంది: ఆనుకోకుండా కూర్చోవడం, పక్కకు ఒరిగినప్పుడు తనంతట తాను నిలదొక్కుకోవడం, కాళ్ల బిగువు కాసేపు సడలడం. నడకలో మార్పు వస్తే ఆ నడుము వల్లే వస్తుంది. అదీ అందరికీ రాదు. రోజువారీ ఫిజియోథెరపీ ఆపేసి గుర్రం మీదే ఆధారపడితే అసలు రాదు. ఈ జబ్బులో దెబ్బ తగిలింది మెదడుకు. ఆ దెబ్బను గుర్రం మాన్పలేదు, నేనూ మాన్పలేను. మిగిలిన శక్తిని ఎంత బాగా వాడుకోవచ్చో నేర్పించడమే మా పని.

గుర్రం ఏం చేస్తుందో కొంచెం వివరంగా చెప్తాను. ఇది అర్థమైతే ఎవరు తెలిసి మాట్లాడుతున్నారో, ఎవరు తెలియక మాట్లాడుతున్నారో మీరే పట్టేస్తారు.

గుర్రం మామూలుగా నడిచేటప్పుడు నాలుగు కాళ్లనూ విడివిడిగా, ఒకదాని తర్వాత ఒకటిగా వేస్తుంది. అడుగు పడిన ప్రతిసారీ దాని వీపు కదులుతుంది. పైన కూర్చున్నవాళ్ల తుంటి ఆ కదలికకు ముందుకూ వెనక్కూ ఊగుతుంది, ఎడమకూ కుడికీ ఒరుగుతుంది, కాస్త మెలి కూడా తిరుగుతుంది. ఈ మూడూ కలిసే జరుగుతాయి. మనం నడిచేటప్పుడు మన తుంటి కదిలేదీ దాదాపు ఇలాగే. మీ బాబులాంటి పిల్లల తుంటికి ఈ కదలిక ఎలా ఉంటుందో పుట్టినప్పటి నుంచీ తెలియదు. వాకర్‌తో అడుగులు వేస్తున్నా తెలియదు, ఎందుకంటే బిగుసుకున్న తొడ కండరాలు తుంటిని తాడుతో కట్టేసినట్టు పట్టుకుంటాయి.

గుర్రం నడకలో ఈ ఊపులు నిమిషానికి 90 నుంచి 110 దాకా వస్తాయి. ఇరవై నిమిషాలు నడిపిస్తే రెండు వేల సార్లు. నా చేతులతో రెండు వేల సార్లు, ఒకే తాళంలో, మూడు వైపులా కదిలించడం నాకు సాధ్యం కాదు. ఇంకో పాతికేళ్లు అనుభవం వచ్చినా సాధ్యం కాదు. అందుకే నాకు గుర్రమంటే అంత గౌరవం.

దీనికి వెచ్చదనం తోడవుతుంది. గుర్రం ఒంటి వేడి మనకన్నా ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువ. జీను వేయకుండా మందపాటి దుప్పటి పరిచి, దాని మీద పిడులున్న పట్టీ కట్టి కూర్చోబెడతాం. ఆ వేడి తొడల లోపలి వైపుకు తగులుతుంది. కాళ్లు రెండు వైపులకూ జారి ఉంటాయి కాబట్టి కండరం సాగుతుంది. టేబుల్ మీద ఇదే సాగదీతకు ఏడ్చే పిల్లలు గుర్రం మీద ఏడవరు, వాళ్ల ధ్యాస కాళ్ల మీద ఉండదు కనుక.

ఇక్కడే థెరపిస్టు పని మొదలవుతుంది. గుర్రం నడుస్తూ టక్కున ఆగితే పిల్లవాడి ఒళ్లు ముందుకు తూలుతుంది, వెన్ను కండరాలు వెంటనే పట్టుకోవాలి. కదిలిస్తే వెనక్కి తూలుతుంది, పొట్ట కండరాలు పట్టుకోవాలి. గుండ్రంగా తిప్పితే ఒక పక్క బరువు పడుతుంది. అడుగు పెద్దదిగా వేయిస్తే ఊపు పెరుగుతుంది. బాబు ఈ రోజు ఎంత తట్టుకోగలడో చూసి, నిమిషం నిమిషానికీ వీటిని మార్చడం థెరపీ. ఒకరు గుర్రాన్ని నడిపిస్తారు, ఇద్దరు చెరో పక్కన పిల్లవాడి తొడ మీద చెయ్యి వేసి నడుస్తారు, థెరపిస్టు కళ్లు పిల్లవాడి మీదే ఉంటాయి. ఒక్క బిడ్డకు ముగ్గురో నలుగురో మనుషులు. దీన్నే హిప్పోథెరపీ అంటారు. హిప్పోస్ అంటే గ్రీకు భాషలో గుర్రం. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు స్వారీ నేర్పడం వేరే సంగతి. అది నేర్పేది స్వారీ మాస్టారు, అందులో పిల్లవాడు గుర్రాన్ని తాను నడపడం నేర్చుకుంటాడు. రెండూ మంచివే. కానీ మొదటిదాని డబ్బు తీసుకుని రెండోది, అదీ అరకొరగా, చేయించే చోట్లు ఉన్నాయి.

రేణిగుంట నుంచి ఒక బాబు వచ్చేవాడు. అప్పటికి ఐదేళ్లు, మీ బాబుకున్న సమస్యే. మొదటి రోజు వాడి మోకాళ్ల మధ్య నా చెయ్యి దూర్చడమే కష్టమైంది, కత్తెరలా అంత గట్టిగా పెనవేసుకుని ఉన్నాయి. గుర్రం మీద రెండు కాళ్లూ చెరో వైపు వేయడం కుదరలేదు. బలవంతం చేయకుండా అడ్డంగా, అరుగు మీద కూర్చున్నట్టు కూర్చోబెట్టాం. నా చొక్కా కాలరు రెండు చేతులతో పట్టుకున్నాడు. చెట్ల నీడన చుక్క మెల్లగా నడిచింది. రెండు చుట్లు తిరిగేసరికి కాలరు మీద ఒక చెయ్యే మిగిలింది. పాదాల వేళ్లు అప్పటిదాకా నేలవైపు మేకుల్లా పొడుచుకుని ఉన్నాయి. పదో నిమిషానికి మడమలు మెల్లగా కిందికి దిగాయి. అప్పుడు ఒక కాలు అవతలి పక్కకు దాటించాం. దాటింది. చూస్తున్న వాళ్ల అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, "బ్రహ్మోత్సవంలో ఎనిమిదో రోజు రాత్రి అశ్వ వాహనం ఎక్కిన స్వామిలా ఉన్నావు నాయనా" అంది. వాడికి ఆ మాట ఎంత నచ్చిందంటే, తర్వాత ప్రతి వారం ఎక్కగానే వెన్ను నిటారుగా పెట్టి "నేను స్వామి" అనేవాడు. నేను ఎన్నిసార్లు "నిటారుగా కూర్చో" అన్నా రాని వెన్ను అది.

నాలుగు నెలలు వారానికి రెండుసార్లు వచ్చాడు. గోడకు ఆనకుండా పీట మీద కూర్చుని, తన చేత్తో అన్నం కలుపుకుని తిన్న రోజు వాళ్లమ్మ ఫోన్ చేశారు, ఏడుపులో మాట సరిగా రాలేదు. ఆ అబ్బాయి ఇప్పటికీ చేతికర్రతోనే నడుస్తాడు. ఇదీ చెప్పాలి మీకు. పీట మీద కూర్చుని తినడం చిన్న సంగతి అనిపిస్తే గుర్రం మీకు నిరాశే మిగులుస్తుంది. రోజుకు మూడు పూటలా బిడ్డకు తినిపించే తల్లిగా మీకు అది చిన్న సంగతి కాదని నాకు తెలుసు.

పరిశోధనలు కూడా ఇంచుమించు ఇదే చెప్తున్నాయి, అన్నీ ఒకే మాట మీద లేవు. ఆస్ట్రేలియాలో సెరిబ్రల్ పాల్సీ పిల్లలకు 10 వారాలు స్వారీ చేయించి చూశారు. 2009లో వచ్చిన ఆ ఫలితాల్లో, చేయించని పిల్లలతో పోలిస్తే చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కొరియాలో వారానికి రెండుసార్లు చొప్పున 8 వారాలు హిప్పోథెరపీ చేశారు. 2015లో వచ్చిన ఆ ఫలితాల్లో కూర్చోవడం, నిలబడడం లాంటి పెద్ద కదలికల స్కోరూ, నిలకడా మెరుగయ్యాయి. నా అనుభవం రెండోదానికి దగ్గరగా ఉంది. వారానికి ఒక్కసారి చేసినప్పుడు నాకూ పెద్దగా ఫలితం కనిపించలేదు. రెండుసార్లు చేసి, మధ్యలో ఇంటి దగ్గర వ్యాయామాలు తప్పకుండా చేయించిన తల్లులకే కనిపించింది.

మీ బంధువులు చెప్పే అద్భుతాల కథలు ఎక్కడి నుంచి పుడతాయో కూడా చెప్తాను. డెన్మార్క్‌లో లిస్ హార్టెల్ అని ఒక రౌతు ఉండేవారు. 1944లో ఆమెకు పోలియో వచ్చింది. మోకాళ్ల కింద చచ్చుబడిపోయింది. ఎవరైనా సాయం పట్టి ఎక్కిస్తే తప్ప గుర్రం ఎక్కలేని స్థితిలో, 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో డ్రెసాజ్ (గుర్రాన్ని సైగలతో లయగా నడిపించే) పోటీలో వెండి పతకం గెలిచారు. స్వర్ణం గెలిచిన స్వీడన్ రౌతు ఆమెను పతకాల గట్టు మీదికి ఎక్కించారు. 1956లో మళ్లీ వెండి గెలిచారు. ప్రపంచమంతా గుర్రాల వైపు చూసింది ఆ తర్వాతే. 1969లో బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ వికలాంగుల స్వారీ కోసం సంస్థలు పుట్టాయి. ఇది నిజమైన కథ, నాకు చాలా ఇష్టమైన కథ. అయితే గుర్రం ఆమె మోకాళ్ల కింద కండరాలకు ప్రాణం పోయలేదు. ఆమె జబ్బుకు ముందే ఆరితేరిన రౌతు. తొడలతో, నడుముతో, బరువు మార్పుతో గుర్రానికి మాట చెప్పగలిగారు. ఈ కథ చెవులు మారి చెవులు మారి "గుర్రం ఎక్కితే నడక వస్తుంది" అయింది.

ఇప్పుడు మీరు తప్పకుండా చేయాల్సిన పని. బాబుకు తుంటి ఎక్స్‌రే తీయించి ఎంత కాలమైంది? కాళ్లు కత్తెరలా బిగుసుకునే పిల్లల్లో తొడ ఎముక తల తుంటి గిన్నెలోంచి మెల్లగా బయటికి జారే ప్రమాదం ఉంది. మొదట్లో నొప్పి కూడా ఉండదు, అందుకే ఇంట్లో తెలియదు. జారుతున్న తుంటితో గుర్రం మీద కాళ్లు చెరో వైపు వేసి కూర్చోబెడితే ఆ జారుడు ఇంకా పెరగొచ్చు. ఆ ఎక్స్‌రేలో డాక్టర్లు ఎముక తల ఎంత శాతం బయట ఉందో కొలుస్తారు, మైగ్రేషన్ పర్సెంటేజ్ అంటారు. 30 దాటితే జాగ్రత్త పడాల్సిందే. అప్పుడు గుర్రం మాట పక్కన పెట్టి ముందు ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. తిరుపతిలో టీటీడీ వారి బర్డ్ ఆసుపత్రి ఎముకల సమస్యలు, వైకల్యాలు ఉన్నవాళ్ల కోసం ఉంది. అక్కడ చూపించండి.

ఫిట్స్ ఉన్నాయా అన్నది రెండో ప్రశ్న. మందులు వాడుతున్నా మధ్య మధ్యలో వస్తూనే ఉంటే గుర్రం వద్దు. చాలా కాలంగా రాకపోతే, మందులు రాసే డాక్టర్ ఒప్పుకుంటే చూడొచ్చు. వెన్నెముక బాగా వంకర తిరిగినా, ఎముకలు పెళుసుగా ఉన్నా, పిరుదుల దగ్గర పుండ్లున్నా ఎక్కించకూడదు. రెండేళ్లు నిండని బిడ్డను ఎక్కించమని ఎవరు చెప్పినా వినకండి. డౌన్ సిండ్రోమ్ పిల్లలెవరైనా మీకు తెలిసి ఉంటే వాళ్లకీ ఒక మాట చేరవేయండి: వాళ్లలో కొందరికి మెడలో పైనున్న రెండు పూసల మధ్య పట్టు వదులుగా ఉంటుంది, కుదుపు పడితే వెన్నుపాము నలిగే ప్రమాదం ఉంది. మెడ చూపించుకోకుండా గుర్రం ఎక్కకూడదు. ధనుర్వాతం టీకా సంగతీ చూసుకోండి. ఆ క్రిములు గుర్రం పేడలో ఉంటాయి. బాబుకు ఐదారేళ్ల మధ్య వేయాల్సిన డీపీటీ బూస్టర్ పడిందో లేదో కార్డులో చూడండి.

పెళ్లి గుర్రం సంగతి అడిగారు. దీని మీద నేను కాస్త కఠినంగానే మాట్లాడతాను, ఎందుకంటే ఆ తప్పు నేను చేశాను.

బెంగళూరు నుంచి కొత్తగా వచ్చిన రోజులు. సొంత గుర్రం లేదు. ఊరేగింపులకు గుర్రాలు తిప్పే ఒకాయనను మాట్లాడుకున్నాను. ఆ గుర్రం బ్యాండు మేళం మధ్య, టపాసుల మధ్య నిలబడగా చూశాను. దేనికీ బెదరదు అనుకున్నాను. ఏడేళ్ల పాపను ఎక్కించాం. మూడో రోజు గాలికి ఒక ప్లాస్టిక్ కవరు దాని వెనక కాళ్లకు చుట్టుకుంది. గుర్రం ఒక్క గెంతు గెంతింది. పక్కన నడుస్తున్న అమ్మాయి పాపను నడుం పట్టి లాగేసుకుంది కాబట్టి దెబ్బ తగల్లేదు. ఆ పాప ఆ తర్వాత వీధిలో గుర్రం కనిపించినా అమ్మ చీరలో ముఖం దాచుకునేది. వాళ్ల అమ్మానాన్న నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

తర్వాత అర్థమైంది. ఆ గుర్రం నిబ్బరంగా ఉండడం వల్ల నిలబడలేదు, నోట్లో కళ్లెం గట్టిగా లాగి పట్టుకోవడం వల్ల నిలబడింది. రౌతు కొద్దీ గుర్రం అని మనవాళ్లు ఊరికే అనలేదు. గుర్రం పులికి ఆహారమయ్యే జంతువు. భయం వేస్తే ముందు పరిగెత్తుతుంది, తర్వాతే చూసుకుంటుంది. కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి చుట్టూ దాదాపు అంతా కనిపిస్తుంది, సరిగ్గా వెనక మాత్రం కనిపించదు. ముక్కుకు ఎదురుగా దగ్గరలోనూ కనిపించదు. అక్కడ ఏం తగిలినా ఉలిక్కిపడుతుంది. థెరపీకి పెట్టే గుర్రానికి కవర్లు, గొడుగులు, బంతులు, వీల్‌చైర్, పిల్లల అరుపులు, ఒంటి మీద పడి కొట్టుకునే చేతులు అన్నీ నెలల తరబడి అలవాటు చేస్తారు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. పెళ్లి గుర్రానికి తల పైకెత్తి చిందులు వేయడం నేర్పిస్తారు. తల ఎత్తితే వీపు కిందికి దిగబడిపోతుంది, అడుగు పొట్టిగా, కుదుపుగా పడుతుంది. నేను పైన చెప్పిన ఆ మూడు వైపుల ఊపు అందులో ఉండదు. తల దించి, మెడ చాపి, వీపు వదులుగా పెట్టి, వెనక కాలిని బాగా ముందుకు వేసే గుర్రం కావాలి. అంటే మీరు అడిగినట్టు రోజూ కాసేపు కూర్చోబెడితే ప్రమాదం ఉంటుంది, ఫలితం ఉండదు. ఆ గుర్రాల మీద నాకు కోపం లేదు, వాటి బతుకు వాటిది. సెలవు రోజున బాబు దూరం నుంచి చూసి ఉలవలు పెడితే చాలు. పెట్టేటప్పుడు అరచెయ్యి చాపి, వేళ్లు కలిపి పెట్టాలి.

మీ చెల్లెలి కూతురి విషయం. ఆటిజంలో గుర్రం పనిచేసే దారి వేరు. అమెరికాలోని కొలరాడోలో ఆటిజం ఉన్న వంద మందికి పైగా పిల్లల మీద 10 వారాలు చేసిన పరిశోధన 2015లో వచ్చింది. సగం మందికి స్వారీ, మిగిలిన సగం మందికి అదే లాయంలో నిజం గుర్రం లేకుండా గుర్రాల గురించిన పాఠాలు, పనులు. స్వారీ చేసిన పిల్లల్లో చిరాకు, నిలకడలేనితనం తగ్గాయి, మాట్లాడే మాటలు పెరిగాయి. రెండో గుంపును కూడా లాయానికే తీసుకెళ్లారు చూడండి, అందుకే ఆ పరిశోధన నాకు నమ్మకంగా అనిపిస్తుంది. ఆరుబయట తిరగడం వల్ల వచ్చిన మార్పా, గుర్రం వల్ల వచ్చిన మార్పా అన్నది అలా తేలింది.

మా దగ్గరికి అలాంటి పాప ఒకతి వచ్చేది, ఎనిమిదేళ్లు, మాట లేదు. మొదటి మూడు వారాలు ఎక్కనే లేదు. మేమూ ఎక్కించలేదు. చుక్క పక్కన నిలబడి ఒళ్లు రుద్దే బ్రష్ పట్టుకుని ఒకే చోట, భుజం దగ్గర, పావుగంట సేపు రుద్దేది. చుక్క కళ్లు సగం మూసి, కింది పెదవి వేలాడేసి నిలబడేది. ఎవరి కళ్లలోకీ చూడని పాప ఆ వేలాడే పెదవి వంక అలాగే చూసేది. ఆరో వారం గుర్రం మీద ఉంది. మేం కావాలని మధ్యలో ఆపేశాం. ఇక కదల్చకుండా నిలబడ్డాం. "పద" అంటేనే కదులుతుందని అప్పటికి ఐదు వారాలుగా తనకు వినిపిస్తూనే ఉన్నాం. నిమిషం గడిచింది. కాళ్లు ఊపింది, చెయ్యి తట్టింది. తర్వాత "ప" అంది. వెంటనే గుర్రాన్ని కదిలించాం. వెనక వాళ్ల నాన్న నడుస్తున్నాడు, ఆయన అక్కడే మట్టిలో కూర్చుండిపోయాడు. ఆ ఒక్క అక్షరం నుంచి "పద", "ఆగు", "చుక్క" దాకా రావడానికి ఇంకో ఐదు నెలలు పట్టింది, స్పీచ్ థెరపిస్టు కూడా వారం వారం తోటకే వచ్చేవారు. అందరు పిల్లలకూ ఇలా రాలేదు. వాసన తట్టుకోలేక గేటు దగ్గరే వెనుదిరిగిన బిడ్డలూ ఉన్నారు. మీ చెల్లెలికి చెప్పండి, పాపకు జంతువుల దగ్గర హాయిగా ఉంటేనే దీని గురించి ఆలోచించమని. ఇంట్లో దూడో మేకపిల్లో ఉంటే రోజూ ఒకే వేళకు మేత పెట్టించి, "దా", "తిను" లాంటి ఒక్క మాట దానికి జత చేసి చూడమనండి. అక్కడ స్పందన ఉంటే గుర్రం దగ్గరా ఉండే అవకాశం ఎక్కువ.

బెంగళూరుకు వెళ్లి ఆ చోటు చూడాలనుకుంటే, డబ్బు కట్టకముందు ఒక పూట కూర్చుని చూసి రండి. బాబును మొదట పరీక్షించింది ఎవరు, ఫిజియోథెరపిస్టో, రోజువారీ పనులు నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్టో ఉన్నారా, ఎక్స్‌రే అడిగారా? అడగకపోతే అక్కడి నుంచే వెనక్కి రండి. హెల్మెట్ లేకుండా ఏ బిడ్డనైనా ఎక్కిస్తున్నారేమో చూడండి. ఎక్కడానికి ర్యాంపు ఉందా, లేక ఎత్తి పడేస్తున్నట్టు కూర్చోబెడుతున్నారా? తర్వాత గుర్రాన్ని చూడండి, అది అబద్ధం చెప్పదు. పట్టీ బిగిస్తున్నప్పుడు చెవులు వెనక్కి అణిచి, తోక విసురుతుంటే దానికి ఎక్కడో నొప్పి ఉంది. వీపు మీద పుండ్లు, ఎండలో కట్టేయడం, ఎండిన నీళ్ల తొట్టి కనిపిస్తే ఆ చోటు వద్దు. రోజుకు ఎంతమంది పిల్లలు అని అడగండి. మేం చుక్కను పూటకు ముగ్గురికి మించి నడిపించలేదు. ఎండాకాలం తిరుపతిలో ఉదయం ఆరున్నరకు మొదలుపెట్టి ఎనిమిదికల్లా ముగించేవాళ్లం. గ్లాండర్స్ పరీక్ష చేయించారా అని కూడా అడగండి. అది గుర్రాల నుంచి మనుషులకు అంటే జబ్బు. బాధ్యతగా ఉండేవాళ్లు ఈ ప్రశ్నకు చిరాకు పడరు, కాగితం చూపిస్తారు.

ధర ఎక్కువే, కాదనను. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు అంటారు కదా. పని ఉన్నా లేకపోయినా గడ్డి, ఉలవలు, డెక్కలు చెక్కేవాళ్ల కూలి, డాక్టర్ ఖర్చు తప్పవు. అది నేను ఆరేళ్లు మోశాను. అయినా మీ పరిస్థితిలో వారానికి రెండుసార్లు బెంగళూరు వెళ్లి రమ్మని చెప్పను. ముళబాగిలు, కోలారు మీదుగా పోను మూడు గంటలు, రాను మూడు గంటలు బస్సులో ముడుచుకుని కూర్చుంటే, ఇరవై నిమిషాల్లో సడలిన కాళ్లు ఇంటికి చేరేలోపే మళ్లీ బిగుసుకుంటాయి. బెంగళూరులో మీకు సొంతవాళ్ల ఇల్లుంటే వేసవి సెలవుల్లో ఎనిమిది వారాలు అక్కడే ఉండి చేయించండి. మొత్తం సొమ్ము ఒకేసారి కట్టకుండా నాలుగు సెషన్లకు కట్టి మొదలుపెట్టండి. మొదటి రోజు బాబును ఆనుకోకుండా పీట మీద కూర్చోబెట్టి, పక్క నుంచి ఒక నిమిషం వీడియో తీయండి. నాలుగో వారం, ఎనిమిదో వారం అదే పీట మీద, అదే పక్క నుంచి తీయండి. ఎవరి మాటా వినక్కర్లేదు, ఆ మూడు వీడియోలు చూసుకుంటే మీకే తెలుస్తుంది.

అలాంటి వసతి లేకపోతే బాధపడకండి. ఇంటి దగ్గర చేయగలిగింది చాలా ఉంది. పాత పరుపునో, రెండు బొంతలనో గట్టిగా చుట్టి తాళ్లతో కట్టండి. బాబు దాని మీద గుర్రం ఎక్కినట్టు కూర్చుంటే పాదాలు నేలకు ఆనాలి, మోకాళ్లు తొంభై డిగ్రీల్లో వంగాలి, అంత మందం చాలు. మీరు వెనక కూర్చుని తుంటి రెండు వైపులా చేతులు పెట్టండి, భుజాలు పట్టుకోకండి. చుట్టను మెల్లగా ఎడమకూ కుడికీ దొర్లించండి. ఒరిగినప్పుడు వాడే సర్దుకునేదాకా రెండు క్షణాలు ఆగండి. ఆ రెండు క్షణాల్లోనే వాడి నడుము నేర్చుకుంటుంది. ముందర చిన్న స్టూలు మీద బొమ్మలో, పల్లీలో పెట్టి ఒక పక్క నుంచి తీసి ఇంకో పక్క వేయించండి. ఉదయం పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు. గుర్రం ఇచ్చే ఊపంతా ఇందులో ఉండదు, కానీ ఇది రోజూ ఉంటుంది. వారానికి రెండుసార్లు వచ్చే గుర్రం కన్నా రోజూ ఉండే చుట్ట ఎక్కువ పనిచేసిన పిల్లల్ని నేను చూశాను. ఎక్స్‌రే చూపించుకున్నాకే దీన్నీ మొదలుపెట్టండి.

మీ మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రం ఉంటుంది. అక్కడికి ఫిజియోథెరపిస్టు ఏ రోజు వస్తారో కనుక్కుని, ఈ చుట్ట పద్ధతి ఒకసారి వాళ్ల ఎదురుగా చేసి చూపించి సరిచేయించుకోండి. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ వచ్చి ఉంటుంది, 6,000 పింఛను వస్తోందనుకుంటున్నాను. దాంతో పాటు కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా చేయించండి. సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్లకు ఏడాదికి లక్ష రూపాయల దాకా వర్తిస్తుంది. అంటే మీ బాబుకూ, మీ చెల్లెలి కూతురికీ ఇద్దరికీ వస్తుంది. ముందు మనం కట్టి బిల్లులు పంపితే తిరిగిస్తారు, థెరపీకి విడిగా ఒక పరిమితి ఉంటుంది. చాలామంది తల్లులకు దీని పేరే తెలియదు, అందుకే పనిగట్టుకుని చెప్తున్నాను.

ఎక్స్‌రే తీయించాక అందులో కుడి తుంటి ఎంత శాతం, ఎడమ తుంటి ఎంత శాతం అని రాశారో ఆ రెండు అంకెలూ, ఫిట్స్ ఉన్నాయో లేదో, వాడే మందులేమిటో రాయండి. బాబు పేరూ, ఫోన్ నంబరూ రాయకండి. ఆ అంకెలు చూశాక చుట్ట ఎంత మందంగా ఉండాలో, కాళ్లు ఎంత వెడల్పుగా పెట్టించొచ్చో చెప్తాను.